అందరూ ఎగురుతున్న లోకంలో అడోలిన్

ముందే ఒక మాట. బ్రాండన్ శాండర్సన్ రాస్తున్న ‘స్టార్మ్‌లైట్ ఆర్కైవ్’ ఫాంటసీ సిరీస్‌లో ఐదో పుస్తకం ‘విండ్ అండ్ ట్రూత్’ ఇంకా చదవని వాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది. ఎవరు చనిపోతారో, ఎవరి కాలు పోతుందో, చివరి పోరు ఎలా ముగుస్తుందో అన్నీ చెప్పేయబోతున్నాను. అవి దాచిపెట్టి ఈ పుస్తకం గురించి వాదించలేను.

2024 డిసెంబరు 6న పుస్తకం వచ్చింది. ఆ వారం హైదరాబాద్‌లో ఎవర్ని కదిపినా ఒక పెద్ద సినిమా గురించే మాట్లాడుతున్నారు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర టికెట్ల గొడవ నడుస్తుంటే నేను ఫోన్‌లో ఈ కథ జరిగే లోకం రోషార్ మ్యాపు చూసుకుంటూ కూర్చున్నాను. నాలుగో భాగం 2020 నవంబరులో వచ్చింది. అప్పటి నుంచి బ్రాండన్ శాండర్సన్ తన వెబ్‌సైట్‌లో ఎంత శాతం రాశాడో చూసుకోవడం నాకు, నాలాంటి చాలామందికి అలవాటైపోయింది. అంత ఎదురుచూసి, 1,300 పేజీలు దాటిన పుస్తకం చదివి, ‘బాగుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

బాగుంది. కానీ ఎక్కడ బాగుంది, ఎక్కడ బాగాలేదు అన్నదాంట్లో ఒక పద్ధతి కనిపిస్తోంది నాకు. చేతిలో ఏ మహిమా లేనివాళ్లు నడిపించే పేజీలన్నీ ప్రాణంతో ఉన్నాయి. మహిమలున్న వాళ్ల పేజీల్లో సగం నాకు అక్కర్లేకపోయాయి. ఇది శాండర్సన్‌కి తెలియని సంగతేమీ కాదు. ఫాంటసీ రాయడానికి ఆయన పెట్టుకున్న నియమాల్లో రెండోది ఇదే: శక్తుల కంటే వాటి పరిమితులే ఆసక్తికరం. క్లాసులో పాఠంగా చెప్పే మనిషి తన సొంత సిరీస్ ఐదో పుస్తకానికి వచ్చేసరికి దాన్ని ఎలా వదిలేశాడు, చివరికి మళ్లీ ఎలా పట్టుకున్నాడు అన్నదే నా గొడవంతా.

2010లో వచ్చిన ‘ది వే ఆఫ్ కింగ్స్’ గుర్తు చేసుకోండి. కలాడిన్ ఒక వైద్యుడి కొడుకు. సైనికుడయ్యాడు, తర్వాత నుదుటి మీద ముద్ర వేయించుకున్న బానిసయ్యాడు. షాటర్డ్ ప్లెయిన్స్ అంటే నేలంతా ముక్కలుగా చీలిపోయి, ముక్కకీ ముక్కకీ మధ్య లోతైన అగాధాలున్న ప్రాంతం. వాటిని దాటడానికి సడియాస్ అనే ప్రభువు సైన్యానికి చెక్క వంతెనలు కావాలి. బానిసలు ఆ వంతెనల్ని భుజాల మీద పెట్టుకుని పరిగెత్తాలి. డాలు ఇవ్వరు, కవచం ఇవ్వరు. అవతలి గట్టు మీద నిలబడ్డ శత్రువులు, పర్షెండీ విలుకాళ్లు, బాణాలన్నీ ఈ కూలీల మీద వేస్తే, వెనకాల వచ్చే సైనికులు బతుకుతారని సడియాస్ లెక్క. అంత నీచమైన లెక్కని అంత మామూలుగా రాయడం చూసి నేను ఆ రాత్రి పుస్తకం పక్కన పెట్టలేకపోయాను.

ఆ పుస్తకంలో పెద్ద పెద్ద యుద్ధాలున్నాయి. అయినా నా మనసులో మిగిలినవి అవి కావు. నాబ్‌వీడ్ అనే మొక్క కాడల్లోంచి చుక్క చుక్క పాలు పిండి గాయాలకు మందు చేయడం. ఆ మందు కొంత అమ్ముకుని, ఆ డబ్బుతో సరుకులు తెచ్చుకుని, రాక్ అనే కూలీ వండిన పులుసు చుట్టూ కలాడిన్ జట్టు బ్రిడ్జ్ ఫోర్ కూలీలు మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చోవడం. ఒళ్లు నొప్పి పుట్టే రాత అది. వంతెన బరువు నా భుజానికి తెలిసింది.

తర్వాత స్టార్మ్‌లైట్ వచ్చింది. రోషార్‌లో తుపానులు ఊరికే రావు. హైస్టార్మ్ వచ్చినప్పుడు బయట పెట్టిన రత్నాల్లోకి వెలుగు చేరుతుంది. ప్రమాణాలు చేసిన రేడియంట్ యోధులు ఆ వెలుగుని పీల్చుకుంటే గాయాలు మానతాయి, ఆకాశంలో ఎగరగలుగుతారు. ఒక్కో ప్రమాణం పలికేకొద్దీ ఇంకాస్త బలం. రెండో పుస్తకంలో కలాడిన్ మూడో ప్రమాణం పలికే చోటు చదివి చప్పట్లు కొట్టని అభిమాని ఉండడు. నేనూ కొట్టాను. అదే పుస్తకంలో బ్రిడ్జ్ ఫోర్ కూలీ లోపెన్ స్టార్మ్‌లైట్ పీల్చుకుని, పోయిన చెయ్యి తిరిగి మొలిపించుకుంటాడు. అదీ ఆనందంగానే ఉంది అప్పట్లో.

మూడు, నాలుగు పుస్తకాలకు వచ్చేసరికి బ్రిడ్జ్ ఫోర్‌లో ఎగరని వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరైనా కత్తిపోటు తింటే ‘వెలుగు ఉందా లేదా’ అన్నదే ప్రశ్న. ఉంటే లేచి నిలబడతాడు. కష్టం తారస్థాయికి చేరగానే కొత్త ప్రమాణం, ప్రమాణం వెనకే కొత్త బలం. మొదటిసారి ఒళ్లు గగుర్పొడిచింది. నాలుగోసారి వాచీ చూసుకున్నాను.

ఇక ఈ ఐదో పుస్తకం. పది భాగాల సిరీస్‌ని రెండు అయిదులుగా విడగొట్టాడు కాబట్టి ఇది మొదటి సగానికి ముగింపు. కథ అంతా పది రోజుల్లో జరుగుతుంది. పదో రోజున మనవాళ్ల నాయకుడు డాలినార్‌కీ, ఓడియం అనే దేవుడి తరఫు యోధుడికీ మధ్య పోరు. ఓడియం అన్నది ఒక శక్తి, ఎవరు మోస్తే వాళ్లే ఆ దేవుడు. నాలుగో పుస్తకం చివర్లో ఆ శక్తిని టారవాంజియన్ అనే ముసలి రాజు మోయడం మొదలుపెట్టాడు. ఒప్పందంలో ఒక కిటుకు ఉంది: పోరు జరిగే సమయానికి ఎవరి చేతిలో ఏ నేల ఉంటే అది వాళ్లదే. అందుకని ఆ పది రోజుల్లోనే శత్రువు అజీర్ మీద, థైలెన్ సిటీ మీద, షాటర్డ్ ప్లెయిన్స్ మీద విరుచుకుపడతాడు. ఇంకోపక్క కలాడిన్, ఒకప్పుడు హంతకుడైన జెత్ కలిసి జెత్ పుట్టిన దేశం షినోవార్‌కి వెళ్తారు. డాలినార్, ఆయన భార్య నవాని, కోడలు షాలన్ వగైరా పాత కాలాల దృశ్యాలు కనిపించే ఆధ్యాత్మిక లోకంలో చిక్కుకుంటారు.

పది రోజుల గడియారం పెట్టడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ జరిగిందని నా అభిప్రాయం. నాలుగు పేజీలు అజీర్, మూడు పేజీలు షినోవార్, మళ్లీ ఆధ్యాత్మిక లోకం. వారపత్రికల సీరియళ్లు చదివి పెరిగిన దాన్ని, ‘సశేషం’ నాకు కొత్త కాదు. కానీ అక్కడ వారానికి ఒకటి ఉండేది. ఇక్కడ పూటకి పది. ప్రతిసారీ ఎవరో ఒకరు తలుపు తీసి ‘నువ్వా!’ అనడం, అధ్యాయం ముగియడం.

షినోవార్ కథ అసలు చాలా బాగుండాలి. జెత్ చిన్నతనం ఈ పుస్తకంలోనే తెలుస్తుంది. గొర్రెల కాపరి కొడుకు హంతకుడిగా ఎలా మారాడో చెప్పే ఆ గతం భాగాలు నాకు నచ్చాయి, అందులో మహిమలు తక్కువ కాబట్టేనేమో. వర్తమానంలో మాత్రం ఒక మఠానికి వెళ్లడం, అక్కడి యోధుడితో తలపడటం, గెలవడం, ఇంకో మఠానికి నడవడం. వీడియో గేమ్‌లో లెవెల్స్ దాటినట్టు ఉంది. పక్కనే కలాడిన్ ఫ్లూటు వాయించడం నేర్చుకుంటూ, జెత్ మనసు విప్పి మాట్లాడేలా చేయాలని చూస్తుంటాడు. ఈ భాగం మీద నెట్‌లో జరిగినంత రభస ఇంక దేనిమీదా జరగలేదు. కలాడిన్ నోట ‘థెరపిస్ట్’ అని పలికించడమేంటని చాలామంది ఎగతాళి చేశారు.

మా పిన్ని కొడుకు టొరంటోలో ఉంటాడు, ఈ సిరీస్ నాకు అంటించింది వాడే. ఈ విషయం మీద ఫోన్‌లో నాతో పెద్ద గొడవే పెట్టుకున్నాడు. “అక్కా, నీకు కలాడిన్ కత్తి పట్టుకుంటేనే ఇష్టం. వాడు మామూలు మనిషిలా బాగుపడుతుంటే నీకు బోర్ కొడుతోంది” అన్నాడు.

అది నిజం కాదు. నాలుగో పుస్తకంలో కలాడిన్ యుద్ధం మానేసి, ఉరితిరు కోటలో మనసు దెబ్బతిన్న సైనికుల్ని చీకటి గదుల్లోంచి బయటికి తెచ్చి ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే ఘట్టం నాకు ఈ సిరీస్‌లోనే ఇష్టమైన వాటిలో ఒకటి. అక్కడ వాడికి అది చేతకాదు. తన గాయమే మానలేదు. తడుముకుంటూ చేశాడు. ఈ పుస్తకంలో మాత్రం కలాడిన్‌కి అన్ని జవాబులూ తెలుసు. జెత్ ఒక మాట అంటే కలాడిన్ దగ్గర దానికి తగిన మంచి మాట రెడీగా ఉంటుంది. ఎగరడం ఎలాంటి మహిమో ఓదార్చడం కూడా అలాంటి మహిమే అయిపోయింది. నా విసుగు దాని మీద. థెరపీ మీద కాదురా అని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆధ్యాత్మిక లోకం గురించి ఎక్కువ చెప్పను. రోషార్ పాత చరిత్ర, హానర్ అనే దేవుడి కథ, వేల ఏళ్లుగా బతుకుతున్న యోధులైన హెరాల్డ్‌ల కథ, పదేళ్లుగా అభిమానులు పందేలు వేసుకున్న రహస్యాలన్నీ ఇక్కడ విప్పాడు. సమాచారంగా విలువైనదే. కానీ డాలినార్, నవాని అందులో చాలాసేపు చూస్తూ నిలబడతారు. మన హీరోలు మ్యూజియంలో తిరుగుతుంటే మనం వాళ్ల వెనకాల నడుస్తున్నట్టుంటుంది.

అజీర్ రాజధాని అజీమిర్‌కి వద్దాం. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

అడోలిన్ డాలినార్ పెద్దకొడుకు. ఐదు పుస్తకాలుగా మన కళ్ల ముందే ఉన్నాడు, ఒక్క ప్రమాణమూ చేయలేదు, రేడియంట్ కాలేదు. భార్య రేడియంట్, తమ్ముడు రేడియంట్, తండ్రి రేడియంట్, తండ్రిని పెళ్లాడిన నవాని రేడియంట్. ఇంట్లో అందరూ పాసై తను మిగిలిపోయిన కుర్రాడిలా కనిపిస్తాడు. మంచి బట్టలు, కత్తి యుద్ధం, తండ్రి మీద కోపం, ఇవే అతని ఆస్తి. ఆ కోపం చిన్నది కాదు. డాలినార్ ఒకప్పుడు రథాలాస్ నగరాన్ని తగలబెట్టినప్పుడు అడోలిన్ తల్లి ఎవీ అందులోనే కాలిపోయింది. మూడో పుస్తకంలో ఆ సంగతి బయటపడ్డాక తండ్రి పుస్తకం రాసి ప్రపంచానికి చెప్పుకున్నాడు. లోకం మెచ్చుకుంది. కొడుకు మాత్రం క్షమించలేదు.

అలాంటి అడోలిన్ అజీర్ రాజధాని కాపాడటానికి వెళ్తాడు. శత్రువు నగరం నడిబొడ్డున ఉన్న గుమ్మటం లోపల్నుంచి వస్తాడు. బయట వలయం కట్టి, బల్లేలు పట్టుకుని నిలబడ్డ సైనికులు అతన్ని ఆపాలి. అంతే ఆ యుద్ధం. ఎగరడం లేదు. ఎంతమంది మిగిలారు, ఎవరికి నిద్ర ఉంది, సాయం వచ్చే సైన్యం ఎప్పటికి చేరుతుంది అనే లెక్కలే. వలయం ఒక చోట తెగుతుంది, మళ్లీ అతుకుతారు. బాలచక్రవర్తి యనగాన్‌ని సింహాసనం మీద బొమ్మలా కూర్చోబెట్టి ఆచారాలతో ఊపిరాడకుండా చేస్తుంటే, అడోలిన్ అతనికి టవర్స్ అనే ఆట నేర్పుతాడు. చక్రవర్తిని స్నేహితుడిలా చూస్తాడు. వాళ్లిద్దరూ ఆట ముందు కూర్చున్న రెండు మూడు సన్నివేశాల కోసం నేను ఆధ్యాత్మిక లోకం మొత్తాన్ని ఇచ్చేస్తాను.

ఆ పోరులో అడోలిన్ కాలు పోతుంది. లోపెన్ చెయ్యి మొలిచినట్టు ఈ కాలు మొలవదు. పద్నాలుగేళ్ల సిరీస్‌లో ఇన్ని యుద్ధాలు చదివాక, ఒక గాయం నిజంగా గాయంలా అనిపించింది నాకు ఇక్కడే. నొప్పి రేపటికి కూడా ఉంటుంది, ఎల్లుండికి కూడా ఉంటుంది, ఆ నొప్పితోనే అతను మళ్లీ లేవాలి. మొదటి పుస్తకంలో వంతెన మోసినప్పటి బరువు మళ్లీ కనిపించింది. చివర్లో అడోలిన్ పక్షాన వచ్చి నిలబడేది కూడా ఎవరు? వేల ఏళ్ల కిందట రేడియంట్లు మాట తప్పితే చచ్చినవాటిలా పడి ఉన్న స్ప్రెన్‌లు అనే ఆత్మలు, ఆ మాట తప్పడం వల్ల ఎక్కువ నష్టపోయినవాళ్లు. వాళ్లని కదిలించింది ప్రమాణం చేసిన వీరుడు కాదు. తన కత్తి రూపంలో ఉన్న మాయా అనే స్ప్రెన్‌తో రోజూ స్నేహితురాలితో మాట్లాడినట్టు మాట్లాడిన మనిషి.

నవాని కూతురు జాస్నా కథ కూడా ఇదే తీరు, కానీ పూర్తిగా పండలేదు. థైలెన్ సిటీలో యుద్ధం జరుగుతుందని అందరం అనుకుంటే, టారవాంజియన్ అక్కడి రాణి అయిన ఫెన్ ముందు జాస్నాతో వాదానికి దిగుతాడు. కత్తులు లేవు. ఎక్కువమందికి మేలు జరిగేదే సరైన పని అని జాస్నా జీవితమంతా నమ్మింది. ఆ నమ్మకాన్నే ఆమె మీదికి తిప్పి ఆమెను ఓడిస్తాడు. నగరం శత్రువు వశమవుతుంది. ఎంత గొప్ప ఆలోచన! అమలు మాత్రం నిరాశపరిచింది. ఇన్నేళ్లుగా రోషార్‌లోనే అందరికంటే తెలివైన పండితురాలిగా చూపించిన మనిషి, డిబేట్ పోటీకి సరిగ్గా ప్రిపేర్ కాని ఇంజినీరింగ్ అమ్మాయిలా తడబడుతుంది. ఆమె ఓడిపోవాలి, నిజమే. కానీ గట్టిగా వాదించి ఓడిపోతే ఆ ఓటమి ఇంకా నొప్పి పెట్టేది.

చివరి రోజు. పదో రోజు. నెట్‌లో సగం మంది తిట్టిపోసిన ముగింపు. నేను దాని పక్షాన ఉన్నాను.

ఓడియం తరఫు యోధుడిగా వచ్చింది గావినార్. డాలినార్‌కి మనవడి వరస, నిన్నటిదాకా అయిదారేళ్ల పిల్లాడు. ఆధ్యాత్మిక లోకంలో కాలం వేరుగా నడుస్తుంది కాబట్టి ఓడియం వాణ్ణి అక్కడే పెంచి, విషం నూరిపోసి, పాతికేళ్ల యువకుడిగా తెచ్చి నిలబెట్టాడు. వాణ్ణి చంపితే డాలినార్ గెలుస్తాడు. వదిలేస్తే ఓడియంకి సేనాపతిగా ఊడిగం చేయాలి. డాలినార్ రెండూ చేయడు. అప్పుడే అందుకున్న హానర్ శక్తిని పట్టుకుని, ఒప్పందాన్నే తెంచేసి, ఆ శక్తిని వదిలేసి చనిపోతాడు. టారవాంజియన్ రెండు శక్తులూ కలుపుకుని ఇంకా పెద్ద దేవుడవుతాడు. ఇంతవరకూ రోషార్‌ని పట్టించుకోని మిగతా దేవుళ్లందరి కళ్లూ ఇప్పుడు అతని మీద పడతాయి.

“ఐదు పుస్తకాలు మాట నిలబెట్టుకోవడం గురించి రాసి, చివరికి మాట తప్పించాడు” అన్నది చాలామంది ఫిర్యాదు. మా తమ్ముడిదీ అదే. ఈ ఫిర్యాదు తెలుగువాళ్ల నుంచి వస్తే నాకు ఆశ్చర్యం లేదు. కాటిసీనుకి వన్స్‌మోర్లు కొట్టిన జాతి మనది. ఆలిని అమ్ముకున్నా, కాటికాపరిగా నిలబడ్డా హరిశ్చంద్రుడు మాట తప్పలేదు కాబట్టే గొప్పవాడని నేర్చుకున్నాం. కానీ మనకి ఇంకో పాఠం కూడా ఉంది కదా. ఆయుధం పట్టనన్న కృష్ణుడు భీష్ముడి బాణాలకు అర్జునుడు నలిగిపోతుంటే చక్రం పట్టుకుని రథం మీంచి దూకేస్తాడు. పోతన ఆ దూకడాన్ని ఎంత అందంగా రాశాడో చదువుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ దృశ్యాన్ని తలుచుకుని మురిసిపోయేది ఎవరు? తన ప్రతిజ్ఞ కోసం వంశం మొత్తం కళ్ల ముందే నాశనమైపోతున్నా కదలని భీష్ముడు. మాట తప్పిన దేవుణ్ణి మాట తప్పని ముసలాయన అంపశయ్య మీంచి కొలుస్తాడు. ఈ రెండిట్లో ఏది ధర్మం అని మనవాళ్లు తేల్చి చెప్పలేదు, తేల్చకుండానే రెండూ పాడుకున్నారు.

కాబట్టి డాలినార్ మాట తప్పాడా అన్న ప్రశ్న నాకు అంత ముఖ్యంగా అనిపించలేదు. నేను చూసింది ఆయన చేతిని. మొదటి పుస్తకం చివర్లో సడియాస్ మోసం చేసి వదిలేసి పోతే, కలాడిన్, వంతెన కూలీలు తిరిగొచ్చి డాలినార్ సైన్యాన్ని కాపాడారు. 2,600 మంది ప్రాణాలతో బయటపడ్డారు. ఆ కూలీల్ని విడిపించడానికి డాలినార్ ఏం ఇచ్చాడు? రాజ్యాలతో సమానమైన తన షార్డ్‌బ్లేడ్‌ని. దాన్ని రాతిలో గుచ్చేసి, సడియాస్‌కి వదిలేసి, బానిసలందర్నీ తీసుకెళ్లిపోయాడు. మనిషి ప్రాణానికి వెల కట్టలేం, ఆ కత్తికీ వెల కట్టలేం, అందుకే ఇది మంచి బేరమే అన్నాడు. ఈ సిరీస్‌కి నేను బానిసైంది ఆ పేజీ దగ్గరే.

ఐదో పుస్తకంలోనూ అదే చెయ్యి, అదే పని. ఈసారి కత్తికి బదులు ఒక దేవుడి శక్తి. ఇటుపక్క ఒక పిల్లాడి ప్రాణం. మధ్యలో మూడు పుస్తకాలపాటు పోగుచేసిన బలాన్నంతా ఆయన ఒక్క నిమిషంలో దించేశాడు. ఎవరు ఎంత ఎత్తుకి ఎగిరినా ఈ కథలో అతి గొప్ప పని చేతిలో ఉన్నది వదిలేయడమేనని శాండర్సన్‌కి మొదటి నుంచీ తెలుసు. తెలుసు కాబట్టే డాలినార్‌తో ఆగలేదు. తుపానుల ఆత్మ స్టార్మ్‌ఫాదర్ పోయాడు, తుపానులు తెచ్చే వెలుగు పోయింది. కలాడిన్ అయిదో ప్రమాణం పలికాడు, నిజమే, కానీ అది గెలుపు కోసం కాదు. హెరాల్డ్‌గా మారి, వేల ఏళ్లుగా నలిగిపోయిన ముసలి యోధుల బాధ్యత నెత్తిన వేసుకుని ఈ లోకంలోంచి తప్పుకోవడానికి. ఎగిరేవాళ్లందర్నీ నేల మీదికి దించేసి పుస్తకం ముగించాడు.

అందుకే మధ్యలో అన్ని వందల పేజీలు ఎందుకన్న నా కోపం ఇంకా తగ్గలేదు. ముగింపు అంత బాగా తెలిసిన మనిషి, ఆ మఠాల పోరాటాల్ని సగానికి తగ్గించి, ఆ పేజీలు అజీమిర్ వలయంలో నిలబడ్డ సైనికులకి ఇచ్చి ఉంటే? ఎడిటర్ ఎవరైనా గట్టిగా ఒక మాట చెప్పి ఉండాల్సింది. నాలుగున్నర లక్షల పదాలు దాటిన పుస్తకంలో, అడోలిన్‌తో భుజం కలిపి నిలబడ్డ బల్లెం సైనికుల్లో సగం మంది పేర్లు నాకు గుర్తు లేవు. బ్రిడ్జ్ ఫోర్‌లో ప్రతి ఒక్కడి పేరూ ఇప్పటికీ చెప్పగలను.

ఇంకొక మాట, అడోలిన్, డాలినార్ సంగతి. తండ్రీకొడుకులు చివరికి కలుసుకుని ఏడ్చి కావలించుకుంటారని నేను 1,300 పేజీలూ ఎదురుచూశాను. మనకి అలవాటైన క్లైమాక్స్ అదే కదా. జరగలేదు. తండ్రి చనిపోయాడు, కొడుకు కోపం కోపంగానే ఉండిపోయింది. ఇది రాయడానికి ధైర్యం కావాలి. ఎవీ కాలిపోయింది నిజం. లోకానికి క్షమాపణ చెప్పినంత మాత్రాన కొడుక్కి చెల్లిపోదు. అడోలిన్‌ని తొందరపెట్టి క్షమించేలా చేయకపోవడం ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం.

రాబోయే అయిదు పుస్తకాల్లో గతం ఎవరెవరిదో రచయిత చెప్పేశాడు: లిఫ్ట్, రెనారిన్, యాష్, టాల్న్, జాస్నా. అడోలిన్ పేరు ఆ వరసలో లేదు. మా తమ్ముడు దీనికి తెగ బాధపడిపోతున్నాడు. నాకైతే అదే నయం. ఆ జాబితాలోకి ఎక్కితే ఎవరో ఒకరు పట్టుకొచ్చి వాడి చేత కూడా ప్రమాణం చేయించేస్తారు.